మైలలో బంతిపూలు

“కత్తెర కింద పెట్టవే! మైల తీరందే గుడి గడప ఎక్కకూడదు. ఈ పూలు ఏ దేవుడి దొన్నెలో పెడతావు?” పెరట్లోకి వస్తూనే రెనిస్ కోడలి మీద విరుచుకుపడింది.

కోడలు సుకెర్తి ఆగలేదు. విచ్చిన బంతిపూలను టకటకా కత్తిరించి ఎరువుగుంటలోకి విసురుతోంది.

“నా కొడుకు నాటినవే అవి! చెత్తలో పోస్తావా?”

“కోయకపోతే గింజకట్టి మొక్క ఎండిపోతుంది అత్తయ్యా. కోస్తేనే మళ్లీ మొగ్గేస్తుంది. ఆయనే నేర్పారు. గలుంగాన్ పండక్కి చనిపోయిన మనవాళ్లంతా ఆత్మలుగా ఇంటికొస్తారు కదా. ఈసారి వాళ్లతో ఆయనా వస్తారు. వచ్చేసరికి ఎండిన కట్టెలు చూపించనా?”

రెనిస్ వాడిన పూలతో నిండిన ఎరువుగుంట కేసి చూసింది.

“వాడు పోయిన ఈ పన్నెండు రోజులూ ఒక్కదానివే కోస్తున్నావా?” అంటూ పక్క వరసలో కూలబడింది. ఒక పువ్వు పట్టుకుంది.

“వాడు ఎక్కడికి తుంచమన్నాడే? పువ్వు మొదలు దగ్గరా, కింద ఆకుల పైనా?”