జవాబు రాని మెయిల్

సూర్యకళకి అన్నిటికన్నా భయం, పిలిస్తే పలకకపోవడం. ఒళ్లో నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంది.

“మళ్లీనా? పడుకోనివ్వవే దాన్ని,” అన్నాడు భర్త గణేష్‌బాబు. తన నెట్ సెంటర్‌లోని పాత కంప్యూటర్‌కి లినక్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసిన దగ్గర్నుంచీ తెర నల్లగానే ఉంది.

“పాడైందాండీ?”

“కాదు. ఈ పాత గ్రాఫిక్స్ కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ని లినక్స్ వాళ్లు తీసేశారు. ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని ముందే అందరికీ మెయిల్ పెట్టి అడిగారు. ఎవరూ పలక్కపోతే అక్కర్లేదనుకుంటారు.”

“దాన్ని చూసుకునే మనిషి లేరా?”

“ఉప్పాడలో సూర్యప్రకాశం గారని ఉన్నారు. జీతం లేకుండా ఏళ్ల తరబడి చూసుకున్నారు. ఎవరేం అడిగినా సాయంత్రానికల్లా జవాబిచ్చేవారు.”

“మరి ఈసారి?”

“ఇవ్వలేదు.”

“ఆయనకేమైందని ఎవరైనా అడిగారా?”

గణేష్‌బాబు పక్క కంప్యూటర్‌లో ఆ మెయిల్స్ మొదట్నుంచీ చదివాడు. అందరూ కార్డు గురించే అడిగారు.

నల్లటి తెరలో పాపా తనూ కనిపిస్తుంటే సూర్యకళ చూపు తిప్పుకుంది.

“ఏవండీ, వాళ్లందరికీ నేను చెప్పింది రాయండి. కార్డు సంగతి తర్వాత. మేం ఉప్పాడ వచ్చేసరికి రేపవుతుంది. ఇది చదివేవాళ్లు ఆ దగ్గర్లో ఎవరైనా ఉంటే, ఈలోగా సూర్యప్రకాశం గారి తలుపు తట్టండి. పలక్కపోతే మాత్రం వెనక్కి వచ్చేయకండి.”