కాలనీ కదల్లేదు

మధ్యాహ్నం దాటింది. చర్చి కాలనీ నుంచి ఒక్క మనిషి కూడా ఓటు వేయడానికి రాలేదు.

బడి గేటు ముందు నిలబడి చూసి చూసి ఎలీషా కళ్లు కాయలు కాచాయి. పై వీధుల వాళ్లు వస్తున్నారు, వేస్తున్నారు, పోతున్నారు. వాళ్ల ఓటు ఎవరికో అడగనక్కర్లేదు. ఈ ఊళ్లో పెద్దింటికి ఎదురు ఓటు పడి ఒక తరం దాటింది. పోలింగ్ రోజు కాలనీ వాళ్లు తలుపులు వేసుకుని ఇళ్లలో ఉండాలి. ఆఖరి గంటలో వాళ్ల ఓట్లు పెద్దింటి మనుషులే గుద్దుకుంటారు. అదేం న్యాయమని ఒకసారి అడ్డం పోయినందుకు ఎలీషా తండ్రి బాంబు దెబ్బకు కాలు పోగొట్టుకున్నాడు.

ఈసారి అలా జరగనివ్వకూడదని ఎలీషా పంతం. జమ్మలమడుగు ప్లీడరు హనుమంతయ్య పెద్దింటి మీద పోటీకి నిలబడ్డాడు. జనం మనసులో ఏముందో కనుక్కునే పని ఎలీషాకు అప్పజెప్పాడు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివిన ఎలీషా హైదరాబాదులో సర్వేల కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. అతనికిది కొట్టిన పిండి.

కొట్టిన పిండి అనుకున్నాడు గానీ, మొదటిసారి నోటితో అడిగితే ఒక్కరూ నిజం చెప్పలేదు. "మా ఓటు పెద్దింటికే అప్పా" అని అందరిదీ ఒకటే పాట. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన దీవెనమ్మవ్వ కూడా అతని మొహం మీదే ఆ ముక్క అనేసింది. ఎలీషాకు ఒళ్లు మండిపోయింది.

భయపడే జనం నుంచి అసలు మాట రాబట్టడానికి కంపెనీ వాళ్లు నేర్పిన పద్ధతి ఒకటుంది. పోయిన ఆదివారం ఆ పద్ధతిలో మళ్లీ సర్వే చేశాడు. ఫలితం చూసి తనే నమ్మలేకపోయాడు. కాలనీ దాదాపు మొత్తం ప్లీడరు వైపే ఉంది!

అది చూసే హనుమంతయ్యకు ధైర్యం వచ్చింది. కనపడిన ఆఫీసరునల్లా బతిమాలి ఈ బూత్‌కు తుపాకుల పోలీసులను వేయించుకున్నాడు. అయితే పోలీసులు పైఊరి వాళ్లు. కాలనీ వాళ్ల పేర్లు చెప్పుకుని పెద్దింటి మనుషులు వరసలో నిలబడితే వాళ్లకేం తెలుస్తుంది? అసలు మనిషి ముందే వచ్చి ఓటు వేసుకుపోవాలి. వేరే దారి లేదు.

ఆ అసలు మనుషులే పత్తా లేరు.

హనుమంతయ్య జీపు వచ్చి ఆగింది. "ఏందప్పా, నీ సర్వే యాడబాయె?" అన్నాడు దిగకుండానే. "నీ మాట నమ్మి వేరే ఊర్లకు లేని బందోబస్తు ఈడికి తెస్తిని. ఇంగోసారి అడిగితే మొహాన ఉమ్మేస్తారు నాకు."

ఎలీషా కాలనీకి పరుగెత్తాడు. చర్చి అరుగు మీద చెన్నయ్య నలుగురిని పోగేసుకుని నిమ్మళంగా పులిజూదం ఆడుతున్నాడు.

"ఏంది మామా, ఈడ కూచోనుండావు? ఓటుకు రావా?"

చెన్నయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మావి పడిపాయె గదప్పా. అరవాకు."

ఎలీషా గిరుక్కున వెనక్కి తిరిగాడు. అప్పుడే గుద్దేశారన్నమాట! రొప్పుతూ బూత్‌కు పోయి ఆఫీసరు మీద విరుచుకుపడ్డాడు. ఆయన విసుక్కుంటూ జాబితా తిరగేసి, కాలనీ వాళ్ల పేర్ల మీద ఒక్క ఓటూ పడలేదని తేల్చి చెప్పాడు.

మళ్లీ పరుగు.

"మీ ఓట్లు యాడికీ పోలే మామా! బద్రంగా ఉండాయి. లెయ్యండి, బిరీన రాండి!"

చెన్నయ్య పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "సూస్తివా? పోలీసోళ్లు ఉండారని మనోడు ఏమీ ఎరగనట్లు ఎట్ల మాట్లాడుతాండాడో!"

"మేం ఎవురికీ చెప్పంలేప్పా" అన్నాడు పక్కవాడు, ఇంకో పులిని కదుపుతూ.

ఎలీషాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దింటి వాళ్లు పొట్టేళ్లు పంపారేమో, తిన్న నోళ్లు ఇలా వంకలు చెబుతున్నాయేమో అనిపించింది. కోపం ఆపుకోలేకపోయాడు.

"ఏం తింటిరి మామా, వాళ్లది? ఈ ఓటు కోసం మా నాయన కాలు పాయె. పోలీసుల్ని తెచ్చి కాపలా పెట్టినా మీరు కదలకపోతే, ఇంగ మీకు ఓటెందుకు? ఊడిగం చేసుకోని బతకండి!"

ఆ మాటకు అందరి మొహాలూ చిన్నబోయాయి. అయినా ఎవరూ లేవలేదు.

పొద్దు వాలుతోంది. పెద్దింటి జీపులు దుమ్ము రేపుకుంటూ బడి వైపు పోయాయి. ఇక అంతా అయిపోయిందనుకుని ఎలీషా దీవెనమ్మవ్వ గుమ్మంలో కూలబడ్డాడు. అంత మనిషీ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

అవ్వ లోపలి నుంచి వచ్చి పక్కన కూర్చుంది. కొంగుతో అతని మొహం తుడిచింది. వీధిలో ఎవరూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకుని, చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఎందుకురా అట్ల కుమిలిపోతాండావు? బూత్ కాడికి వస్తే బాంబులేస్తారని, పోయిన ఆదివారం నువ్వే గదరా గుర్తుల చీట్లూ డబ్బా సంకన పెట్టుకోని ఇంటింటికీ వచ్చి, ఎవురూ సూడకుండా మా అందరితో ఓట్లేయించుకోని పోతివి?"