తుమ్మచెట్టు నుంచి పదకొండు అడుగులు

సంజీవరావు పరుగెత్తుకొచ్చేసరికి ఎవడో కొత్త మనిషి అతని భార్య మీద ఇనప మేకు దిగ్గొడుతున్నాడు.

భార్య అంటే భార్య సమాధి. అంకమ్మ పోయి రెండేళ్లయింది. సంజీవరావుకి మాత్రం ఆ తేడా పెద్దగా పట్టలేదు. ఆదివారం ఆరాధన కాగానే వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటాడు. వారంలో ఎవరేమన్నదీ పూసగుచ్చినట్టు చెప్పి గానీ ఇంటికి వెళ్లడు.

పొదిలి దగ్గర ఆ పల్లెవాళ్ల సమాధులకి రాళ్లుండవు. రాయి పెడితే పక్క చేను ఆసామి మనుషులు పీకేస్తారు. మట్టి పోసి ఉంచుదామంటే నల్లరేగడి, రెండు వానలకే కుంగి నేలలో కలిసిపోతుంది. అందుకని ఎవరి మనిషి ఎక్కడున్నదీ వాళ్లు అడుగుల్లో గుర్తు పెట్టుకుంటారు. తుమ్మచెట్టు మొదలు నుంచి తూర్పుకి పదకొండు అడుగులు వేస్తే అంకమ్మ కాళ్లు. అవతల ఆసామి పత్తి చేను.

ఆ వేళ సంజీవరావు అడుగులు లెక్కపెట్టలేదు.

సమాధుల దొడ్డిలో ఎవడో మేకులు కొడుతున్నాడని పక్కింటి బుల్లయ్య వచ్చి చెప్పగానే, గట్టు చెక్కుతున్నవాడు పారతో సహా పరుగెత్తాడు. వచ్చి చూస్తే కళ్లజోడు మనిషి, మోకాళ్ల మీద కూర్చుని సుత్తి ఎత్తుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు సంజీవరావు. జవాబు కోసం ఆగితే బాగుండేది. ఆగలేదు. పార తిరగేసి కర్ర కామతో భుజం మీద కొట్టాడు.

ఆ మనిషి పక్కకి ఒరిగిపోయాడు. కళ్లజోడు ఎగిరిపడింది. ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, "పెద్దాయనా, కొంచెం ఆగండి. శాంక్షన్ అయింది," అన్నాడు.

శాంక్షన్ అన్న మాట ఆ పల్లెకి కొత్త కాదు. ఒకసారి శాంక్షనయితే దొడ్డిలో పడమటి చెక్క రోడ్డు కిందికి పోయింది. ఇంకోసారి శాంక్షనయితే దక్షిణాన ఎవరిదో కోల్డ్ స్టోరేజీ గోడ లేచింది. ఊళ్లోవాళ్లకి వరమైన మాట వీళ్ల నెత్తిన మాత్రం ఎప్పుడూ శిక్షయి కూర్చుంది. ఎవరికి శాంక్షనయిందని ఒక్కరూ అడగలేదు.

"ఇక మిగిలింది మా అంకమ్మేరా," అని సంజీవరావు మళ్లీ కొట్టాడు. ఈసారి పక్కటెముకల మీద.

మిరప కల్లంలోంచి జనం వచ్చిపడ్డారు. అంకమ్మ చెల్లెలు రెబ్కా ఒడినిండా నలిగిన మిరపకాయలు తెచ్చి ఆ కొత్త మనిషి కళ్లల్లో కుక్కింది. అతను అరిచిన అరుపుకి చేలో కొంగలు లేచిపోయాయి. బుల్లయ్య డొక్కలో తన్నాడు. చూపు లేని మనిషి నేల తడుముకుంటూ తన సంచీ కోసం పాకాడు. ఫోన్ తీసి ఆసామిని పిలుస్తాడనుకుని బుల్లయ్య ఆ చేతిని మడమతో తొక్కిపట్టాడు. వేళ్లు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఎవరూ ఆపలేదు. ఆపాలని ఎవరికీ అనిపించలేదు కూడా. ఇన్నేళ్ల కడుపుమంట తీర్చుకోవడానికి ఒక ఒళ్లు దొరికింది.

"సంచీలో కాగితం..." అన్నాడు అతను.

మూడో దెబ్బ తల మీద పడింది. తర్వాత అతను మాట్లాడలేదు.

పాస్టరు ఫిలిప్ గారు పొదిలి బస్సు దిగి వచ్చేసరికి నేలంతా నెత్తురు, మిరప గింజలు. ఆయన ఆ తలని ఒళ్లోకి తీసుకున్నాడు. 108కి ఫోన్ చేశారు. అది వచ్చేలోపే ఊపిరి ఆగిపోయింది.

పాస్టరు గారు ఎవరినీ తిట్టలేదు. తిట్టుకుంటే తననే తిట్టుకోవాలన్నాడు. ఈయన సర్వేయరు రామకాంత్ గారని, నాలుగు నెలల కిందట తన దగ్గర సమాధుల రిజిస్టరు తీసుకుని ఒక్కో పేరూ రాసుకున్నాడని చెప్పాడు. దొడ్డి పల్లెకే చెందేలా ఆర్డరు వచ్చిందట. ముందే తెలిస్తే ఆసామి కోర్టుకెళ్లి స్టే తెస్తాడని, హద్దురాళ్లు పాతేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడట. మాట నిలబెట్టుకున్నందుకు పాస్టరు గారు ఇప్పుడు ఏడుస్తున్నాడు.

"అయ్యగారూ, మరి మా అంకమ్మ గుండెల మీద మేకు కొట్టాడు గదండీ," అన్నాడు సంజీవరావు.

"లెక్కపెట్టి చూసుకో నాయనా."

సంజీవరావు తుమ్మచెట్టు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఒకటి, రెండు అని పైకే అనుకుంటూ నడిచాడు. పదకొండో అడుగు పడింది. మేకు ఇంకా జానెడు అవతలుంది.

అంకమ్మ హద్దు లోపలే ఉంది. తల నుంచి కాళ్ల దాకా లోపలే ఉంది.

సంజీవరావు అక్కడే కూలబడ్డాడు. పోలీసులు వస్తున్నారు, పారిపొమ్మని బుల్లయ్య రెక్క పట్టుకు లాగాడు. అతను కదల్లేదు. ఆ సంచీలో ఏముందో చదవమని పాస్టరు గారిని అడిగాడు.

పైన మ్యాపు ఉంది. హద్దు గీత ఒక చివర నుంచి తిన్నగా వచ్చి, ఒక్క చోట చేనువైపు గజం వంగి, మళ్లీ తిన్నగా పోయింది. వంపులో పెన్సిలుతో అంకమ్మ పేరు రాసి ఉంది. మ్యాపు కింద ఆ వంపుతో సహా ఒప్పుకుంటూ పోయిన వారమే కలెక్టరు సంతకంతో పల్లెకి వచ్చిన ఆర్డరు.

"ఇంకో కాగితం కూడా ఉందండీ అడుగున," అంది రెబ్కా.

పాస్టరు గారు అది చదివి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి అందరికీ వినపడేలా చదివాడు: గీత తిన్నగా గియ్యమని పైఅధికారులు చెప్పినా వినకుండా, ఎవరో కూలి మనిషి సమాధి కోసం వంచి గీసినందుకు సర్వేయరు రామకాంత్‌ని మూడు నెలల కిందటే సస్పెండు చేశారు.