బాబాయ్ వేలు

"బాబాయ్, ఆ చెయ్యి తీసెయ్యండి," అంది ఇంజనీరమ్మ.

మెషీన్ మీద పరుగెడుతున్న ఫిల్మ్ అంచు కింద ఒక్క వేలు ఆనించి నిలబడ్డ ఆపరేటరు వేలు తీసేశాడు. యూనిట్లో అందరికీ ఆయన బాబాయే. పిలిచేవాళ్లలో ఆయనకంటే పెద్దవాళ్లూ ఉన్నారు, ఆయనకేం పట్టింపు లేదు.

మెషీన్ గది పొడుగునా ఉంటుంది. ఈ చివర ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్ట విప్పుకుంటూ వస్తుంది, మధ్యలో దానికి పూత పడుతుంది, ఓవెన్లో ఆరుతుంది, ఆ చివర మళ్లీ చుట్టుకుంటుంది. చాపలా చుట్టి చంకలో పెట్టుకుపోగలిగే సోలార్ పలక అలా తయారవుతుంది. కిటుకంతా ఫిల్మ్‌ని ఎంత బిగువుగా లాగాలన్న దాంట్లోనే ఉంది. వదులైతే ముడతలు, బిగిస్తే పూతకి పగుళ్లు. పగిలిన పూత కరెంటివ్వదు.

ఆ పద్ధతిని ఒక దారికి తేవడానికి ఇంజనీరమ్మ రెండేళ్లుగా తిండీ నిద్రా మానుకుని పని చేస్తోంది. మనిషి మంచిదే, తొందరెక్కువ. ఎవరు ఏ చీటీ తెచ్చినా నడుస్తూనే ఎర్ర పెన్నుతో ఓ ముక్క గీకి ఇచ్చేస్తుంది. ఇవాళ కొనే కంపెనీ మనిషి వచ్చాడు. సాయంత్రం ఐదులోగా ఆయన కళ్లముందు రెండు వందల మీటర్లు ఒక్క పగులు లేకుండా రావాలి. రాకపోతే లైను మూసేస్తామని పెద్ద సారు సోమవారమే తేల్చి చెప్పేశాడు.

వచ్చినాయన పొద్దున్నే ఒకటే ప్రశ్న వేశాడు. ఇది మనిషిని బట్టి నడుస్తుందా, పద్ధతిని బట్టి నడుస్తుందా అని. ఇంజనీరమ్మ రీడింగుల పుస్తకం ఆయన ముందు పెట్టింది. ఎనిమిది నెలలుగా అరగంటకోసారి రాసిన బిగువు అంకెలు. అన్నీ నలభై, ఎక్కడో ఒకచోట ముప్పై తొమ్మిదిన్నర. ఈ పుస్తకం చూసి ఎవరైనా నడపొచ్చని ధీమాగా చెప్పింది. అంత చెప్పాక బాబాయ్ వేలు పెట్టి చూస్తూ నిలబడితే ఏం బాగుంటుంది? అందుకే తీసెయ్యమంది.

మొదటి చుట్టకి బిగువు చూపే మీటరు చూసి నలభై పెట్టింది. తొంభై మీటర్ల దాకా అద్దంలా వచ్చింది. ఆ తర్వాత దీపం కింద చూస్తే వెంట్రుకల్లాంటి గీతలు. రెండో చుట్ట అరవై మీటర్లకే చిట్లింది. పూత మార్చింది, వేడి తగ్గించింది, వేగం తగ్గించింది. మీటరు అంకె దిగజారినప్పుడల్లా ఫిల్మ్‌ని లాగే మరను బిగించి మళ్లీ నలభైకి తెచ్చింది. బాబాయ్ క్లాసు బయట నిలబెట్టిన పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. రెండుసార్లు "అమ్మా, ఒక్క మాట," అన్నాడు. రెండుసార్లూ వద్దంది.

మూడున్నరయింది. మిగిలింది ఒకటే చుట్ట. అది నడవడానికే గంట పడుతుంది. ఇంజనీరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. వచ్చినాయన గడియారం చూసుకుంటున్నాడు.

"మీరే నడపండి బాబాయ్," అంది చివరికి. "ఎలా నడుపుతారో మీ ఇష్టం."

బాబాయ్ పల్చటి కొత్త గ్లోవ్ తొడుక్కుని వేలు ఆనించి, మరను కాస్త వెనక్కి తిప్పాడు. చంటిపిల్ల నుదురు తాకి జ్వరం చూసినట్టుగా మధ్యమధ్య అంచు తాకుతూ గంటసేపు అక్కడే ఉన్నాడు. అరగంటకోసారి పుస్తకంలో రాశాడు. చుట్ట పూర్తయ్యేసరికి నాలుగూ నలభై.

వచ్చినాయన దీపం కింద మొత్తం రెండు వందల మీటర్లూ తనే చూశాడు. ఒక్క గీత లేదు. కళ్లద్దాలు తుడుచుకుని, ఆర్డరు ఖాయమేనని చెప్పాడు. ఆ పుస్తకం కూడా ఇవ్వండి, మా దగ్గర పది లైన్లు దాన్ని పట్టుకునే నడుపుతాం అని, ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్లాడు.

ఇంజనీరమ్మ ప్రాణం లేచొచ్చింది. పుస్తకం తీసుకుందామని వెళుతూ, ఫిల్మ్ కొస ఇంకా బిగించే ఉన్న మెషీన్ మీద మీటరు వైపు చూసింది. ఇరవై ఎనిమిది. పుస్తకంలో చూసింది. బాబాయ్ ఇందాక రాసిన చివరి అంకె, నలభై.

"బాబాయ్, మీటరు ఇరవై ఎనిమిది చూపిస్తోంది. మీరు నలభై రాశారు."

"బిగువు నలభయ్యేనమ్మా. ఓవెన్ వేడెక్కితే మీటరు తక్కువ చూపిస్తుంది. అది నమ్మి బిగిస్తే పూత చిట్లుతుంది. పొద్దున్నుంచీ చెబుదామనే చూస్తున్నా."

"అయితే ఈ ఎనిమిది నెలల అంకెలు?"

బాబాయ్ మొహమాటంగా వేలు చూపించాడు. మీటరు బాగున్న రోజుల్లో నలభై ఎలా ఉంటుందో దీనికి అలవాటైపోయిందని అన్నాడు.

ఇంజనీరమ్మకి ఒళ్లు మండింది. తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"పాడైన మీటరు సంగతి దాచి, వేలితో చూసి పుస్తకం నింపేస్తారా? మిమ్మల్నెవరు రాయమన్నారు?"

బాబాయ్ నొచ్చుకోలేదు. ఆశ్చర్యపోయాడు, అంతే. "మీకు తెలుసనుకున్నానమ్మా," అంటూ పుస్తకం వెనక అట్ట తిప్పాడు. అక్కడ గుండుసూదితో గుచ్చిన చీటీ ఒకటుంది. ఎనిమిది నెలల కిందటిది. వేడికి మీటరు తప్పు చూపిస్తోంది, కొత్తది తెప్పించండి అని బాబాయ్ రాసుకున్నాడు. దాని కింద, ఎర్ర సిరాతో, నడుస్తూ గీకిన ఇంజనీరమ్మ చేతిరాతే:

"కొత్తది వచ్చేదాకా చేత్తో చూసి రాస్తూ ఉండండి."