నీళ్ళు తాగిన దుంగలు

ఈ ఉదయం మా దుంగల తెప్పను, కట్టుమరాన్ని, అలల దాకా లాగినప్పుడు ఇసుకలో పడిన గాడి రోజుటి కంటే లోతుగా ఉంది.

వేట నుంచి రాగానే తాళ్ళు విప్పి దుంగలను విడివిడిగా ఎండబెట్టడం మా కొళచ్చల్‌లో అందరూ చేసే పనే. మూడు రోజులుగా ముసురు వదలక ఎవరి దుంగలూ ఆరలేదు.

“ఇవాళ వద్దప్పా,” అన్నాను. “దుంగ లావు అంతే ఉంది, నీళ్ళు తాగి బరువు మాత్రం పెరిగింది.”

అప్పా నవ్వాడు. “చెక్క ఎక్కడైనా మునుగుతుందటే? మీ కాన్వెంటు సిస్టర్లు వల కూడా వేస్తున్నారా ఏంటి?”

నేను దుంగ కొస నుంచి ఒక ముక్క చెక్కి, పొయ్యి దగ్గర ఆరిన అదే జాతి చెక్కముక్కతో పాటు బకెట్ నీళ్ళలో వేశాను. ఆరిన ముక్క సగానికి పైగా తేలింది. తడి ముక్క అంచు మాత్రమే బయటికి కనిపించింది.

“దీని మీద మనిషి ఎక్కితే?” అన్నాను.

అప్పా చాలాసేపు బకెట్లోకి చూశాడు. తర్వాత వంగి కట్టుమరం తాళ్ళు విప్పేశాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

అంతలో నీళ్ళలోంచి శవరిముత్తు చిన్నాన్న కేకేశాడు. “అన్నా! నెత్తళ్ళు గుంపులుగా వచ్చాయి. నీ దుంగలకు జ్వరమొస్తే నా దాని మీదికి రా!”

అప్పా తెడ్డు భుజాన వేసుకున్నాడు.

“నీ మాట విన్నాగా, టీచరమ్మా,” అని అలల్లోకి దిగాడు.

మాది నాలుగు దుంగల కట్టుమరం. చిన్నాన్నది మూడు దుంగలది, దాని మీద అప్పటికే ఇద్దరున్నారు.