చెవి మిషను

“అత్తయ్యా! కుక్కరు!”

స్నానాల గదిలోంచి కోడలు మూడోసారి అరిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి చూస్తే కుక్కరు ఊళలు వేస్తోంది. పొయ్యికి రెండడుగుల దూరంలో అత్తగారు తీరిగ్గా పత్రిక తిరగేస్తోంది. గదంతా మాడు వాసన.

“ఇంత మోత వినపడలేదా అత్తయ్యా?”

“ఏంటమ్మా?”

“ఏం లేదు! నా ఖర్మ!”

బళ్లో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. చివరి బెంచీలో గుసగుసలు మొదలైతే సుద్దముక్క గురి చూసి విసిరేదట. అలాంటావిడకి రెండు నెలలుగా బ్రహ్మచెవుడు. భోజనాలవగానే ఆవిడ పెట్టే టీవీ మోతకి పక్కింటాయన రోజూ గోడ బాదుతున్నాడు.

అసలే కోడలి తంటాలు కోడలివి. అంతకుముందు ఏడాదిగా భర్త చెయ్యి మీద పడితే చాలు, ఒళ్లు కర్రలా బిగుసుకుపోయేది.

“నేనంటే ఇష్టం పోయింది నీకు,” అనేవాడు అతను.

“ఇష్టం వేరు, ఇది వేరు. ఎన్నిసార్లు చెప్పాలి?” అనేది ఆమె.

ఆ పోట్లాటైనా గొంతెత్తి పోట్లాడుకునే యోగం లేదు. అత్తగారి గదికీ వాళ్ల గదికీ మధ్య చెక్క అడ్డుగోడ, అదీ పైకప్పుదాకా లేదు. స్నేహితుడెవడో చెప్పాడని భర్త ఏదో పొడి తెచ్చాడు. దాన్ని చెత్తబుట్టలో పారేసి ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించింది. నిద్ర గురించి, వాడే మందుల గురించి అడిగింది. “ఒంట్లో లోపమేమీ లేదు. కోరికంటే స్విచ్చి కాదమ్మా, నొక్కగానే వెలగడానికి. నీ మనసుకి ఏది అడ్డం పడుతోందో చూసుకో,” అంది.

“అది తెలిస్తే మీదాకా ఎందుకొస్తానండీ?” అని విసుక్కుంటూ ఇంటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే, గోరుచుట్టు మీద రోకటిపోటులా అత్తగారి చెవుడు.

నిన్న డాక్టరమ్మ మళ్లీ రమ్మంటే వెళ్లింది. “ఇప్పుడెలా ఉంది?”

“బాగుందండీ.” కోడలు చీర కొంగు నలిపింది. “చాలా బాగుంది.”

“మంచిదే. మరి ఏం మారింది?”

“మారిందేముందండీ? చిరాకులు ఇంకా పెరిగాయి. మా అత్తయ్యకి చెవులు...”

మాట అక్కడే ఆగిపోయింది. డాక్టరమ్మ ముసిముసిగా నవ్వింది.

ఇప్పుడు మాడిన కుక్కరు ముందు నిలబడి ఉండగా భర్త వచ్చాడు.

“అమ్మకి చెవి మిషను మాట్లాడేశా. సాయంత్రం పరీక్ష చేసి పెట్టేస్తారు. చీమ చిటుక్కుమన్నా వినపడుతుందట!”

“ఇప్పుడంత తొందరేముంది?”

“తొందరా? పొద్దున లేస్తే గొంతు చించుకునేది నువ్వే కదే!”

కోడలు మాడిన కుక్కరు తీసి గట్టు మీద పెట్టింది. ఆడవాళ్ల మాట ఆ బ్రహ్మకే తెలియాలంటూ అతను పనికి వెళ్లిపోయాడు.

అత్తగారు గట్టు దగ్గర ఇటు వీపు పెట్టి కుక్కరు తోముతోంది. కుళాయి ధారగా పోతోంది. కోడలు ఆ వంగిన వీపుని చూసింది. ఇంత వయసులో ఆవిడకి వచ్చిన లోటు మీదా తన సుఖం నిలబడింది? ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప బరువు దిగేలా లేదు. చెప్పుకోవడానికి ఇంట్లో మరో దిక్కు లేదు. ఎలాగూ వినపడదు కదా అని గొణిగింది.

“అత్తయ్యా, మీకు వినపడకపోతేనే నాకు హాయిగా ఉంది. మిషను వస్తోందంటే భయమేస్తోంది. ఎంత పాపిష్టిదాన్నో చూడండి.”

అత్తగారు కుళాయి కట్టేసింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

“అయితే ఆ మిషను వద్దని వాడికి చెప్పు.”