మూడు చెరువుల బెదురు

పై చెరువు ఎండిపోయిందని అక్కడి కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటిని చూసి నడిమి చెరువు పక్షులు లేచాయి. ఆ రెక్కల చప్పుడుకి కింది చెరువూ బెదిరింది.

అక్కడ గుడ్లు పొదుగుతున్న సింగారి అనే నీటికోడి కూడా ఉలిక్కిపడి మెడ ఎత్తింది.

"ఇంకా కూర్చున్నావేంటే, పద!" అంది పక్క గూటి కొంగ.

"మన చెరువుకేమైంది వదినా?"

"ఏమో! అందరూ పోతున్నారుగా!"

సింగారి గూడు దిగి, నీళ్లలో మునిగి చూసింది. లోతు నిన్నటంతే ఉంది. తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది.

నాలుగో రోజు కింది చెరువు పక్షులన్నీ అలిసిపోయి తిరిగొచ్చాయి. చెరువు నిండుగానే ఉంది. వదిలేసిన గుడ్లను మాత్రం కాకులు తినేశాయి.

"నీకు భయం వెయ్యలేదటే?" అనడిగింది కొంగ, ఖాళీ గూట్లో నిలబడి.

"వేసింది వదినా. ఇంకా వేస్తూనే ఉంది," అంది సింగారి, అప్పుడే పుట్టిన పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంటూ.